పాపక్క అడిగిన నేటివ్

బొమ్మనహళ్ళిలో పాపక్కను ఎరగనివాళ్ళు ఇద్దరే ఉంటారు. ఈ పొద్దున బస్సు దిగినవాడొకడు, రేపు దిగబోయేవాడొకడు. ఈ పొద్దున దిగినవాణ్ణి సాయంత్రంలోగా ఆమె పట్టుకుంటుంది. పట్టుకుని అడిగే మొదటి మాట ఎవరినైనా ఒకటే.

"ఏమప్పా, నీ నేటివ్ ఏది?"

నేటివ్ అంటే మా బెంగళూరులో సొంత ఊరు. మా కాన్వెంటులో ఇంగ్లీషు చెప్పిన సిస్టరమ్మ మాత్రం ఆ మాట ఒంటరిగా నిలబడకూడదనీ, దాని వెనక 'ప్లేస్' లాంటి ఇంకొక మాట నడవాలనీ చెప్పి స్కేలు ఝళిపించేది. పాపం, సిస్టరమ్మ పాపక్కను చూడలేదు. పాపక్క నోట ఆ మాట ఒంటరిగానే హోసూరు రోడ్డంతా తిరిగొస్తుంది. టమాటాల బండివాణ్ణి టమాటాల నేటివ్ అడుగుతుంది. చేపలమ్మే ఆమెను చేపల నేటివ్ అడుగుతుంది. ఒకసారి మా గోడమీద వాలిన కాకిని అడగడం నేను చెవులారా విన్నాను. అది కాసేపు ఆలోచించి వర్తూరు చెరువు వైపు ఎగిరిపోయింది. ముత్తాతల కాలం నుంచీ మాది ఈ ఊరేనని నేను ఎంత చెప్పినా ఆమె ఒప్పుకోలేదు. "ముత్తాత ఆకాశం నుంచి దిగినాడా గురుమూర్తన్నా?" అంది. అప్పటినుంచీ మా ముత్తాత ఎక్కడినుంచి వచ్చాడో మనసుకు తోచినప్పుడల్లా ఒక్కో ఊరు చెబుతున్నాను. ఆమె ప్రతి ఊరికీ సంతోషిస్తుంది.

వయసులో నాకంటే చిన్నదే అయినా నాకూ ఆమె పాపక్కే. గార్మెంట్స్ ఫ్యాక్టరీలో చొక్కాలకు మిగిలిన దారపు పోగులు కత్తిరించే పనిలో చేరి, తర్వాత మిషను మీద కూర్చుని, చివరికి లైన్ సూపర్‌వైజరై రిటైరైంది. మిషన్లన్నీ ఒక్కపెట్టున మోగుతున్నా ఆమె గొంతు అవతలి గోడకు తగిలి వెనక్కి వచ్చేదట. ఒకసారి ఆమె అరుపుకు పక్క ఫ్యాక్టరీలో మిషన్లు ఆగిపోయాయని నేను నలుగురికీ చెబుతుంటాను. ఆమె కాదనదు. "పక్కది కాదన్నా, ఎదురుది" అని సరిదిద్దుతుంది.

కానీ ఆ నేటివ్ పిచ్చి వెనక ఒక పద్ధతి ఉంది. కొత్తగా చేరిన పిల్ల మిషను ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంటుంటే మిగతా సూపర్‌వైజర్లు కుట్టు వంకరపోయిందని అరిచేవాళ్ళు. పాపక్క వెళ్ళి నేటివ్ అడిగేది. రాయచూరంటే రాయచూరు పిల్ల పక్కకు, మదనపల్లంటే మదనపల్లి పిల్ల పక్కకు మిషను మార్చేసేది. ఒరిస్సా పిల్ల ఒక్కతే వచ్చినప్పుడు, ఇంకో ఒరిస్సా పిల్ల దొరికేదాకా తన పక్కనే కూర్చోబెట్టుకునేది. మేనేజరు వచ్చి ఇదేం పద్ధతని అడిగితే, "మాట్లాడేదానికి మనిషుంటే పీసులు జాస్తి వస్తాయి సార్" అనేది. నిజంగానే ఎక్కువ వచ్చేవి. మేనేజరు ఇక అడగడం మానేశాడు.

రిటైరయ్యాక ఆమెకు ఫ్యాక్టరీ మీద బెంగ లేదు, ఆ పిల్లల మీదే బెంగ. వాళ్ళుండే రూములు మీరు చూడాలి. ఒక్కో గదిలో పడుకోవడానికి వంతులేసుకునేంత మంది. వారానికి ఒక్క ఆదివారం సెలవు. ఆ సెలవులో బట్టలుతికి, ఆ గది గోడల్నే చూస్తూ కూర్చోవాలి. అందుకని పాపక్క ఒక సంఘం పెట్టింది. దానికి పేరు లేదు, రశీదుల్లేవు, అధ్యక్షులు లేరు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ వెంకటేశప్ప హాల్లో చేరి సినిమా చూడటమే సంఘం. చీకటి పడేలోగా ఎవరి రూములకు వాళ్ళు వెళ్ళిపోవాలి కాబట్టి సినిమా పట్టపగలే. నన్ను మాత్రం సలహాదారుగా పెట్టుకుంది. నా సలహా ఇంతవరకూ ఒక్కటి కూడా వినలేదు.

వెంకటేశప్ప సంగతి చెప్పాలి. ఒకప్పుడు రాగులు పండించిన చేనులో ఇప్పుడు మూడంతస్తుల బిల్డింగు కట్టుకుని, కింద అంగళ్ళకు బాడుగకిచ్చి, పైన ఒక హాలు పెట్టుకున్నాడు. ఆదివారాలు ఆ హాలు పాపక్కకు ఊరికే ఇచ్చాడు. మనిషి మంచివాడే, అయితే ఖాళీ జాగా కంటే పాపం ఇంకొకటి లేదని నమ్మినవాడు. మూడు నెలల కింద హాల్లో ఉన్న టీవీలోకి ఒక బల్లి దూరింది. బల్లీ పోయింది, టీవీ పోయింది. ఫోన్లో చూపిస్తే ముందు వరసకే కనిపించింది. ఒక్కొక్కరే రావడం మానేశారు. హాల్లో పావురాలు చేరాయి.

ఒకరోజు వెంకటేశప్ప మా వాకిట్లోకే వచ్చేశాడు. పాపక్క అక్కడే ఉంది.

"పాపక్కా, ట్యూషనోళ్ళు అడుగుతుండారు. వారమంతా కావాలంట, ఆదివారంతో సహా."

"ఆదివారం మాది కదప్పా."

"మీది అనేదానికి మీరుండల్ల కదా. నిన్న పోయి చూస్తే పావురాలుండాయి. అవి మీ సంఘమా?"

"టీవీ పోయింది. కొత్తది ఏదో ఒకటి చూస్తాం."

"చూడు. నేను వద్దనేది లేదు. ఈ నెలాఖరు ఆదివారం వచ్చి చూస్తా. హాలు నిండిందంటే నీదే. నిండలేదంటే ట్యూషనోళ్ళది. తర్వాత నాతో గలాటా పెట్టుకోవద్దు."

పాపక్క సరేనంది. ఆయన వెళ్ళిపోయాక, అందరూ తలా కాస్త వేసే సంఘం డబ్బా తెచ్చి మా అరుగు మీద బోర్లించి లెక్కపెట్టింది.

"పెద్ద టీవీ మన చేతికి అందదు" అంది చివరికి. "గోడమీద సినిమా ఏసే మిషను ఉంటాది చూడు, అది కావల్ల. నెలాఖరుకి."

మా మేడమీద సందీప్ అని ఏలూరు అబ్బాయి అద్దెకుంటాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అతన్ని అడిగితే నా ఫోనుకు ఇన్ని ప్రొజెక్టర్ల బొమ్మలు పంపాడు. అన్నీ టిఫిన్ డబ్బాల్లా ముద్దుగా ఉన్నాయి. ప్రతి దాని కిందా వెలుతురు ఎంతో ఒక అంకె. ఒకటి తొమ్మిది వేలంది, దానికంటే చవకైనది పదిహేను వేలంది. ఆ లెక్కన ఇంకా చవకది కొంటే సూర్యుణ్ణే ఇచ్చేలా ఉన్నారు. "అంకుల్, ఆన్‌లైన్‌లో అన్నీ ఫేక్ నంబర్సే. ఎస్.పి. రోడ్డుకెళ్ళి కళ్ళతో చూసి తీసుకోండి" అన్నాడు సందీప్. ఆ వారమంతా అతనికి ఆఫీసులో ఊపిరాడని పని. కాబట్టి శనివారం పొద్దున పాపక్కా, నేనూ మార్కెట్టు బస్సెక్కాం. మర్నాడే నెలాఖరు ఆదివారం.

కరెంటు సామాన్ల కొట్లన్నీ వరసగా ఉండే ఎస్.పి. రోడ్డులో ఒక ఇరుకు కొట్టు. ఫయాజ్ అని మర్యాదస్తుడైన కుర్రాడు కూర్చున్నాడు. మమ్మల్ని వెనక ఉన్న చిన్న గదిలోకి తీసుకెళ్ళి, నల్ల తెర దించి, డబ్బాలాంటి ప్రొజెక్టర్ ఒకటి వెలిగించాడు. గోడమీద ఎర్ర చిలక ఎగిరింది. రెక్కలో ఈకలు లెక్కపెట్టొచ్చు.

"కొత్త మోడల్ ఆంటీ. వైఫై ఉంది, బ్లూటూత్ ఉంది. ఫుల్ హెచ్‌డీ. చూడండి, బాక్సు మీదే ఉంది" అన్నాడు.

బాక్సు మీద బంగారు అక్షరాలతో నిజంగానే ఉంది. పాపక్క చిలకను చూసి ఎంత మురిసిపోయిందంటే, జన్మలో మొదటిసారి మనిషిని వదిలేసి మిషన్ను ముందు అడిగింది.

"ఏమప్పా, దీని నేటివ్ ఏది?"

ఫయాజ్ చేతిలో రిమోటు బిగుసుకుంది. చిలక రెక్క విప్పి అలాగే నిలిచిపోయింది.

"నేటివా ఆంటీ?"

"ఊఁ. నేటివే."

"ఫుల్ హెచ్‌డీ అని బాక్సు మీద..."

"బాక్సు మీద వెయ్యి రాస్తారప్పా. నేను నేటివ్ అడిగినా."

అతను నా వైపు చూశాడు. నేను గంభీరంగా తల ఊపాను. విషయం తెలియనప్పుడు గంభీరంగా తల ఊపడం కాన్వెంటు చదువులో నాకు బాగా వంటబట్టిన పాఠం.

"నేటివ్ కొంచెం చిన్నదే ఆంటీ" అన్నాడు గొంతు తగ్గించి.

"చిన్నదైతే సిగ్గెందుకు? చిన్నదంటే చిన్నదని చెప్పేది. నేనేం నవ్వను."

"నాలుగొందల ఎనబై."

పాపక్క బుగ్గ మీద చేయి వేసుకుంది. "నాలుగొందల ఎనబయ్యా! అబ్బా, అంత దూరమా?"

"దూరమే ఆంటీ" అన్నాడు ఫయాజ్ తల వంచుకుని. "ఫుల్ హెచ్‌డీకి చానా దూరం."

"అంత దూరం నుంచి వచ్చి, ఇక్కడ పెద్ద పేరు చెప్పుకుంటాదా?"

"కంపెనీవాళ్ళు అట్ల రాస్తారాంటీ. మేము రాసేది కాదు."

"రాయనీలే. మా రూముల్లో పిల్లోళ్ళూ అంతే. ఉండేది ఒకటి, చెప్పేది ఒకటి. గట్టిగా నేటివ్ అడిగితే గానీ నిజం బయటికి రాదు."

ఫయాజ్ చిలకను ఆర్పేశాడు. "మీరు ఏ కంపెనీలో చేసేవాళ్ళాంటీ?" అని భక్తిగా అడిగాడు.

"ఎక్స్‌పోర్ట్ కంపెనీ. లైనంతా నా కిందే ఉండె."

ఇక అతను చిన్న చిన్న మాటలు మాట్లాడలేదు. ఇంకో డబ్బా తీశాడు. "దీని నేటివ్ ఏడొందల ఇరవై. అబద్ధం లేదాంటీ, కావల్లంటే మెనూలోకి పోయి చూపిస్తా."

"ఇది ఇంకా పైనించి వచ్చిందా!"

"పైదే ఆంటీ. మీకు తెలియందేముంది" అని, విషయం తెలిసినవాళ్ళకు చెప్పే ధర వేరే ఉంటుందని తనంతట తానే దించుకుంటూ పోయాడు. దించి దించి మా సంఘం డబ్బా అడుగున ఉన్నదానికి సరిపోయేచోట ఆగాడు. మేము బేరం అన్న మాట నోటితో అనలేదు. మా ఇద్దరికీ తల తిరిగింది. పక్కన పెట్టమని, ఇప్పుడే వస్తామని చెప్పి బయటకు వచ్చి బాదం పాలు తాగుతూ సందీప్‌కు ఫోను చేశాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. కొంచెం పెంచే ఉంటాను.

అవతల నుంచి సందీప్ అరుపు. "నేటివ్ రెజల్యూషన్ అడిగారా? పాపక్క ఆంటీనా? సూపర్ క్వశ్చన్ అంకుల్! మీకు చెప్పడం నేనే మర్చిపోయా."

"రెజల్యూషనా? అదేం ఊరు?"

అతను నవ్వడం ఆపి విడమరిచి చెప్పాడు. ప్రొజెక్టర్ లోపల వెలుగు చుక్కలు వరసలు వరసలుగా ఉంటాయట. దానికి సొంతంగా ఎన్ని వరసలున్నాయో అదే దాని నేటివ్. మనం ఎంత పెద్ద బొమ్మ పంపినా అది తన వరసల్లోకే కుక్కుకుని చూపిస్తుంది. బాక్సు మీద రాసేది అది మింగగలిగే సైజు, కక్కే సైజు కాదు. తెలిసినవాళ్ళు ఆ ఒక్క ప్రశ్న అడిగితే కొట్టువాళ్ళు దారికొస్తారట.

పాపక్కకు చెప్పాను. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక బాదం పాలు పక్కన పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, సంచి తీసుకుని లేచింది.

"పద, ఆ పిల్లోనికి చెప్పల్ల."

"ఏమని?"

"నేను అడిగింది ఊరు అని."

నేను ఆమె సంచి పట్టుకుని ఆపాను. "పాపక్కా, సుమ్మనుండు, నోరు మెదపకు. వాడు నిన్ను ఇంజినీరనుకుంటుండాడు. అనుకోనీ. రేటు ఎంతకి దిగిందో చూసినావు కదా? పోయి డబ్బులిచ్చి, డబ్బా తీసుకుని, గంభీరంగా నడిచి వచ్చేద్దాం. గంభీరం నేను చూసుకుంటా."

"రేపు అది వెలగలేదనుకో అన్నా. ఎవర్ని అడగల్ల? వాణ్ణే కదా. ఈ పొద్దు అన్నీ తెలిసినట్ల కొని, రేపు ఏమీ తెలీదని పోతే ఏం మర్యాద? పిల్లోడు బెదిరినాడు పాపం. బెదిరినోని దగ్గర వస్తువు కొంటారా ఎవరైనా?"

ఇలాంటి విషయాల్లో ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు లేరు. వెనకే నడిచాను. ధర మళ్ళీ కొండెక్కుతుందని దారి పొడుగునా లోపల ఏడుస్తూనే ఉన్నాను.

కొట్టులోకి వెళ్ళగానే ఆమె బల్ల మీద చేతులు పెట్టి మొదలుపెట్టింది. "చూడు నాయనా, నేను నేటివ్ అడిగింది మిషను ఏ ఊర్నించి వచ్చిందని. నువ్వు నాలుగొందల ఎనబై అంటే కిలోమీటర్లు అనుకుంటి. చుక్కల సంగతి నాకు తెలీదు. ఈ పెద్దాయనకీ తెలీదు. తల ఊపుతాడు, అంతే."

ఫయాజ్ కుర్చీలో కూలబడి పగలబడి నవ్వాడు. "ఆంటీ, నేను ఈ మిషన్లు అమ్మబట్టి నన్ను ఇంత భయపెట్టినోళ్ళు లేరు. రాత్రికి మా ఇంట్లో చెప్తే నమ్మరు."

"ఇంతకీ నీ నేటివ్ ఏది?"

"కదిరి ఆంటీ."

"కదిరా! మా లైన్లో కదిరి పిల్లోళ్ళు మంచి చేతిపని." ఇక ఆమెకు అడ్డులేదు. సంఘం గురించి, ఆడపిల్లల గురించి, పావురాల గురించి, వెంకటేశప్ప పెట్టిన గడువు గురించి అంతా చెప్పేసింది. ఫయాజ్ వింటూ వింటూ మధ్యలో చేయెత్తి ఆపాడు.

"ఉండాంటీ. సినిమా ఎప్పుడు వేస్తారంటిరి?"

"మధ్యాహ్నం. భోజనాలయినాక."

"హాల్లో కిటికీలు?"

"పడమటి గోడంతా కిటికీలే. ఎండ నేరుగా లోపలికే వస్తాది."

ఫయాజ్ లేచి, మా కోసం పక్కన పెట్టిన ఆ ముద్దు డబ్బాను వెనక గదిలో వెలిగించి, ఈసారి నల్ల తెర పక్కకు లాగేశాడు. కొట్టు ముందు వెలుతురు లోపలికి వచ్చింది. చిలక మాయమైంది. గోడమీద ఉతికి ఆరేసిన మరకలాంటిది ఏదో మిగిలింది.

"ఇది చీకటి మిషను ఆంటీ. రాత్రి ఇంట్లో చూసుకునేదానికి బాగుంటాది. మీ హాల్లో పెడితే ఎవరికీ ఏమీ కనపడదు. ఇందాకే ఈ మాట చెప్పింటిరంటే నేను ఇది తీసేవాణ్ణే కాదు. నేనూ అడగలేదు. తెలిసినోళ్ళని అడిగేదేమని ఊరుకుంటి."

ఆ మాట విని నేను పాపక్క ముఖం చూడలేకపోయాను. నా సలహా విని ఉంటే మర్నాడు హాల్లో ఆ మరక చూపించి, తాళాలు ట్యూషనువాళ్ళ చేతిలో పెట్టేవాళ్ళం.

ఫయాజ్ మమ్మల్ని నిచ్చెన మెట్లెక్కించి పైన అటకలాంటి గదిలోకి తీసుకెళ్ళాడు. అక్కడ పైకప్పు కడ్డీకి ఒక పాత ప్రొజెక్టర్ వేలాడుతోంది. పెద్దది, వెడల్పాటిది, ఒకప్పుడు తెల్లగా ఉన్నది. "ఆఫీసులోళ్ళు ఇప్పుడు గోడకి పెద్ద టీవీలు పెట్టుకుంటుండారు. ఇవి మాకు అమ్మేస్తారు. మీటింగులో ట్యూబులైట్లు వెలుగుతుండంగానే చూసేదానికి చేసినవి. వైఫై లేదు, అందం లేదు, రిమోటు పోయింది. వెలుతురు మాత్రం ఉంటాది" అంటూ కిటికీ తలుపులు తెరిచి మరీ వెలిగించాడు. గ్రైండరు తిరిగినట్టు శబ్దం చేసుకుంటూ అది గోడమీద బొమ్మ వేసింది. ఎండ పడుతున్నా బొమ్మ కదలకుండా నిలబడింది.

పాపక్క దాన్ని చాలాసేపు చూసింది. "ఇది మాదిరే ఉండాది. పాతది, గొంతు పెద్దది" అంది.

దీపం ఎన్ని గంటలు వెలిగిందో ఆటో మీటరులాగా అదే లెక్కపెట్టుకుంటుందనీ, ఇంకా సగం ఆయుష్షు ఉందనీ ఫయాజ్ మెనూలో చూపించాడు. ఆ తర్వాత దీపం మార్చాలి, దానికి ఖర్చవుతుంది అని కూడా దాచకుండా చెప్పాడు. ధర ఇందాకటి డబ్బా కంటే తక్కువే చెప్పాడు. తెలిసినవాళ్ళ ధర కాదు, కదిరి ధర అన్నాడు. బస్సులో పాపక్క దాన్ని మనవడిలా ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. కండక్టరుకు దాని నేటివ్ ఒక ఆఫీసు అని చెప్పింది.

ఇంటికి రాగానే వెలిగించి చూద్దామన్నాను. ఒప్పుకోలేదు. "సగమే ఉండేది. దీపం ఆయుష్షు మీ ఇంటి గోడకి తగలేసేదా?" అంది. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆమెది తప్పు. అది ఆదివారం తేలింది.

శనివారం సాయంత్రమే ఆమె రూము రూమూ తిరిగి అందరికీ చెప్పింది. నేను కూడా నా వంతు సాయం చేశాను. జపాను కంపెనీవాళ్ళు పాపక్క సలహా తీసుకుని మరీ చేసిన ప్రొజెక్టర్ అని ఒకచోట అన్నాను. ఇంకోచోట అది విధానసౌధలో వాడినదన్నాను. రెండూ ఒకేచోట కలిసినప్పుడు, జపాను మంత్రి విధానసౌధలో పాపక్కను కలిశాడన్న వార్త పుట్టి నాకే తిరిగొచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం హాలు నిండుతోంది. కిటికీలకు పాత చీరలు కట్టారు. గోడకు తెల్ల దుప్పటి బిగించారు. రాయచూరు, మదనపల్లి, ఒరిస్సా, ధర్మపురి, అన్ని భాషలూ ఒకేసారి మాట్లాడుతున్నాయి. భాష తెలియనివాళ్ళు కూడా నవ్వుకునేలా, మాటలు తక్కువ, తన్నులాటలు ఎక్కువ ఉన్న పాత సినిమా ఒకటి సందీప్ తన లాప్‌టాప్‌లో పెట్టి తెచ్చాడు. మధ్యలో బల్ల మీద ప్రొజెక్టర్ పెట్టి, పాపక్క తన చేత్తోనే మీట నొక్కింది. అది మూలిగింది. గుర్రుమంది. తెరమీద వెలుగు పడింది.

బొమ్మ తలకిందులుగా వచ్చింది.

హీరో కాళ్ళు పైకి పెట్టి, ఆకాశం మీద నడుస్తున్నాడు. హాలు కూలిపోయే నవ్వు. సందీప్ లాప్‌టాప్‌లో అటు నొక్కాడు, ఇటు నొక్కాడు. ప్రొజెక్టర్ మీద ఉన్న మీటలేవో నొక్కితే చైనా అక్షరాలు వచ్చాయి. రిమోటు లేదు. ఫయాజ్‌కు ఫోను చేస్తే ఎత్తలేదు. నవ్వులు మెల్లగా గుసగుసలయ్యాయి. తలుపు దగ్గర ఇద్దరు లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. సరిగ్గా అప్పుడే కింద వెంకటేశప్ప గొంతు వినిపించింది. మెట్ల మీద ఎవరితోనో మాట్లాడుతూ పైకి వస్తున్నాడు.

పాపక్క మీట మీద వేలు పెట్టి అలాగే నిలబడింది.

మూలనుంచి మార్త అరిచింది. మార్త ధర్మపురి పిల్ల, కాలర్లు కుడుతుంది, నోరు ఎక్కువ. "పాపక్కా, మేమే తలకిందులుగా నిలబడి చూసేదా?"

మళ్ళీ నవ్వులు. కానీ పాపక్క నవ్వలేదు. ప్రొజెక్టర్ను అటూ ఇటూ వంగి చూసింది.

"గురుమూర్తన్నా, కొట్లో ఇది ఎట్ల ఉండె?"

"పైన వేలాడుతుండె."

"కాళ్ళు ఎటు ఉండె?"

నాకు అప్పుడు వెలిగింది. "కాళ్ళు పైకి!"

"ఇది గబ్బిలం జాతన్నా! మనం దాన్ని మనిషి మాదిరి కూర్చోపెడితిమి. తిప్పు, తిప్పు!"

సందీప్, నేనూ చెరోవైపు పట్టి దాన్ని వెల్లకిలా తిప్పాం. హీరో కాళ్ళు నేలమీదికి వచ్చాయి. అయితే బొమ్మ మొత్తం కిందికి జారి ముందు వరస వీపుల మీద పడింది. పైనుంచి కిందికి చూడటం దానికి అలవాటు మరి. "ఎత్తల్ల, ఇంకా ఎత్తల్ల" అని పాపక్క అరిచింది. ఆ అరుపుకు ఈసారి కూడా ఏదో ఒక ఫ్యాక్టరీలో మిషన్లు ఆగే ఉంటాయి, ఆదివారం కాబట్టి తెలియలేదు. హాలు వెనక వెంకటేశప్ప పాత ఇనుప బీరువా ఒకటుంది. మార్తా, ఇంకో నలుగురూ దాన్ని బరబరా మధ్యకు లాక్కొచ్చారు. ప్రొజెక్టర్ను దాని నెత్తిమీదికి ఎక్కించాం. బొమ్మ లేచి దుప్పటి నిండా నిలబడింది. హీరో విలన్ను ఒక్క తన్ను తన్నాడు. హాలంతా ఈలలు. లేచిన ఇద్దరూ కూర్చున్నారు.

వెంకటేశప్ప ఇంకా లోపలికి రాలేదు. ఎందుకా అని నేను తలుపు దగ్గరకు వెళ్ళి చూశాను. మెట్ల నిండా చెప్పులు. పై మెట్టు నుంచి కింద అంగడి దాకా చెప్పులే. తన చెప్పులు విడిచే చోటు లేక, వాటిని చేత్తో పట్టుకుని మెట్టుకొక కాలు సందు వెతుక్కుంటూ వస్తున్నాడు.

లోపలికి వచ్చి నిలబడగానే ఆయన నీడ తెరమీద పడింది. హాలంతా నాలుగు భాషల్లో ఒకేసారి అరిచింది. ఏ భాషలోనైనా ఆ అరుపుకు అర్థం ఒకటే. వెంకటేశప్ప ఉలిక్కిపడి, కుర్చీ కోసం చూసి, లేదని తెలిసి, రాయచూరు పిల్లలకూ మదనపల్లి పిల్లలకూ మధ్య దొరికిన జానెడు చోటులో నేలమీద కూర్చున్నాడు. చెప్పులు ఒళ్ళో పెట్టుకున్నాడు. తన బీరువా హాలు మధ్యలో ఎందుకుందని అడగబోయాడు. ఇంతలో విలన్ బురదలో పడ్డాడు. వెంకటేశప్ప నోరు తెరిచింది తెరిచినట్టే నవ్వేశాడు.

సినిమా సగమయ్యేసరికి ఉక్కపోత మొదలైంది. కిటికీలకు చీరలు, మధ్యలో వేడి కక్కే ప్రొజెక్టర్, అంతమంది జనం. వెంకటేశప్ప తువ్వాలుతో మెడ తుడుచుకుని, వంగి వంగి పాపక్క దగ్గరకు జరిగాడు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి ఇది పెంచి చెప్పడం లేదు.

"పాపక్కా, ఆ మూల ఆడోళ్ళకి గాలి లేదు. వచ్చే ఆదివారానికి అక్కడొక ఫ్యాన్ ఏపిస్తా."

పాపక్క తెరమీద నుంచి కళ్ళు తిప్పలేదు. కొంగుతో ముఖం మాత్రం ఒకసారి తుడుచుకుంది. అది చెమటేనని నేను అనుకుంటున్నాను.

"ఆ మూల వద్దప్పా. గాలికి దుప్పటి ఊగుతాది. తలుపు దగ్గర ఏపించు."

"నా హాల్లో ఫ్యాన్ ఎక్కడెయ్యల్లో నువ్వు చెప్తావా?"

"చెప్తా. ముందు నువ్వు సల్ప వంగు. నీ తల అడ్డం."